పిడికెడు బియ్యం

మనశ్శాంతి అనగానే నవలలు రాసేదానికి ఏ కొండకోనలో, ఏ వెన్నెల రాత్రో గుర్తుకు రావాలి కాబోలు. నాకు మాత్రం ఓ సత్తు గిన్నె గుర్తొస్తుంది. నవ్వకండి. అది మా అత్తగారి గిన్నె. అంచు సొట్టపోయి, మూత దారి మూతది, గిన్నె దారి గిన్నెది. వంటింట్లో బియ్యం డబ్బా పక్కనే దాని చోటు.

మా అత్తగారిది మెదక్ దగ్గర పల్లె, నాది గుంటూరు. రెండు వైపులా క్రైస్తవులమే అయినా నేను "చర్చి" అంటే ఆవిడ "గుడి" అనేది. పొద్దున్నే బియ్యం కొలిచాక, కడగబోయే ముందు, అందులోంచి ఓ పిడికెడు తీసి ఆ గిన్నెలో వేసేది. ఆదివారం నాటికి అది గుడికి, అక్కణ్ణించి లేనివాళ్లకి. చేతిలో రూపాయి ఆడని ఇల్లాలు కూడా ఇచ్చుకోగల కానుక అది. మొగుణ్ణి అడగక్కర్లేదు, ఎవరికీ లెక్క చెప్పక్కర్లేదు. ఈ ఉపాయం ఆలోచించింది కచ్చితంగా ఆడదే అయివుంటుందని నా నమ్మకం.

2020 మార్చిలో లాక్‌డౌన్ వచ్చింది. మావారి కంపెనీ రెండు నెలలు సగం జీతమిచ్చి, మూడో నెల ఇక రావద్దని ఫోన్‌లోనే చెప్పేసింది. నా రాతలతో ఇల్లు గడిచే మాట దేవుడెరుగు, పత్రికలే పేజీలు తగ్గించుకున్న రోజులవి. ఇంటద్దె, అమ్మాయి ఇంటర్ ఫీజు, అత్తగారి బీపీ మాత్రలు! రాత్రిళ్లు ప్రార్థన చేద్దామని మోకరిస్తే కూడికలూ తీసివేతలే వచ్చేవి. "తండ్రీ" అని మొదలుపెట్టి "మూడువేల ఆరువందలు" దగ్గర తేలేదాన్ని.

మా అత్తగారికివేవీ పట్టినట్టు లేదు. ఆదివారం తొమ్మిదయ్యేసరికి తెల్లచీర కట్టుకుని, నెత్తిన కొంగు కప్పుకుని, సెల్‌ఫోన్ ముందు బుద్ధిగా కూర్చునేది. పొద్దున్నే పిడికెడు బియ్యం తీయడమూ మానలేదు. ఓ రోజు ఉండబట్టలేక అడిగేశాను.

"గుడి మూసేశారు కదత్తయ్యా! మనమే లెక్కపెట్టుకుని వండుకుంటున్నాం. ఇంకా ఈ పిడికెడు ఎవరికి?"

"గుడి మూసిండ్రు గని, ఆకలి మూసిండ్రా బిడ్డా?" అంది తాపీగా.

మెదక్ చర్చి 1924 క్రిస్మస్ నాడు ప్రతిష్ఠ అయింది. కట్టడానికి పదేళ్లు పట్టింది. కరువు రోజుల్లో పనీ తిండీ లేని జనానికి అక్కడ పని కల్పించాడు పాస్నెట్ దొర. మా అత్తగారి తాత ఆ కట్టడానికి రాళ్లు మోసిన మనిషి. "కరువు లేకుంటే గా గుడి లేదు" అని ఆవిడ ఆ కథంతా మళ్లీ చెప్పుకొచ్చింది. ఆ గిన్నె బియ్యం ఆ వారం నించి మా వీధి మొదట్లో ఇస్త్రీ బండి వాళ్లకి వెళ్లింది. చెప్పొద్దూ, నాకు ఒళ్లు మండింది. లెక్కలు చూసుకునేది నేను, పుణ్యం కట్టుకునేది ఆవిడ!

ఓ రాత్రి రెండింటికి వంటింట్లో నీళ్లు తాగుతుంటే ఆవిడ లేచి వచ్చింది. "ఎనభై ఎనిమిదో కీర్తన సదువు బిడ్డా" అంది. కష్టంలో అందరూ ఇరవై మూడోది చదవమంటారు, ఇదేమిటనుకుంటూ బైబిల్ తెరిచాను. మొదట్నించీ ఒకటే ఏడుపు. తక్కిన ఏడుపు కీర్తనల్లో చాలావాటిలో ఎంత ఏడ్చినా చివర్లో ఓ స్తుతి అయినా వస్తుంది. ఇందులో అదీ లేదు, ఆఖరి మాట దాకా చీకటే.

"ఇందులో ఓదార్పు ఎక్కడుందత్తయ్యా?"

"దేవునితోని గిట్ల గూడ మాట్లాడొచ్చని రాసిపెట్టిండ్రు గద. ఇంకేం గావాలె?"

ఆ రాత్రి మొదటిసారి లెక్కలు పక్కనపెట్టి, దేవుడితో గట్టిగా పోట్లాడాను.

ఆగస్టు చివర్లో ఓ పొద్దున బియ్యం డబ్బా గీకితే అడుగు వినిపించింది. అన్నయ్యకి ఫోన్ చేయడానికి మనసొప్పలేదు. పక్కింట్లో అడగడానికి అసలే ఒప్పలేదు. స్టవ్ ముందు ఊరికే నించున్నాను. మా అత్తగారు వచ్చి డబ్బాలోకి తొంగిచూసి, ఏమీ అనకుండా సత్తు గిన్నె తీసి ఎసట్లోకి వంపింది. జూన్‌లోనే ఇస్త్రీ బండి వాళ్లు సొంతూరు వెళ్లిపోవడంతో గిన్నె నిండుగా ఉంది.

"అయ్యో, అది లేనివాళ్లది కదత్తయ్యా!" అన్నాను.

"ఇయ్యాల మనమే లేనోళ్లం" అంది. ఆ గొంతులో దిగులు లేదు, నన్ను ఎత్తిపొడవడం అంతకన్నా లేదు.

సన్నబియ్యం, రేషన్ బియ్యం కలిసిపోవడంతో అన్నం కొంత మెత్తబడింది, కొంత పలుకుగా ఉండిపోయింది. పచ్చిపులుసుతో తిన్నాం. తినేముందు ఆవిడ ఎప్పటిలాగే, అవే మాటలతో, దేవుడికి కృతజ్ఞత చెప్పింది. పుట్టిబుద్ధెరిగి నేను ఇచ్చే చేతి వైపే ఉన్నాను, లేకపోతే ఉన్నానని అనుకున్నాను. మొదటి ముద్దతో ఆ గర్వం గొంతులో అడ్డంపడి, ఏడుపుతో పాటే లోపలికి దిగింది.

ఆ రాత్రి ఒళ్లెరగకుండా నిద్రపోయాను. ఏలీయా ప్రవక్త బదరీ చెట్టు కింద కూలబడి చావునిమ్మని అడిగినప్పుడు, దేవదూత వచ్చి బోధలేమీ చేయలేదు. నిప్పుల మీద కాల్చిన రొట్టె, నీళ్లు చూపించి తినమన్నాడు. ఏలీయా తిని, తాగి, మళ్లీ పడుకున్నాడు. ఇన్నేళ్లు చదివినా ఆ చోట ఎప్పుడూ ఆగలేదు నేను. తెల్లారాక అద్దె బాకీ అద్దె బాకీలాగే ఉంది. అన్నయ్యకి నేనే ఫోన్ చేశాను. గొంతు వణకలేదు.

2021 జనవరికి మావారికి ఏదో చిన్న ఉద్యోగం దొరికింది, పాత జీతంలో సగానికి. 2023లో అత్తగారు నిద్రలోనే వెళ్లిపోయింది. ఆవిడ చీరలు ఆడపడుచులు పంచుకున్నారు. గిన్నె నేనుంచుకున్నాను.

మొన్న పొద్దున బియ్యం తీస్తుంటే మా అమ్మాయి వెనకనించి చూస్తోంది.

"నానమ్మ పిడికెడు ఇంకా పెద్దది కదమ్మా?" అంది.

గిన్నెలోకి చూశాను. డబ్బా మూత మళ్లీ తీసి, ఇంకాసిని వేశాను.