గట్టు దగ్గరే పంట

మా పుట్టపర్తి వైపు వాన తప్పినా ఎండ తప్పదు. కదిరి పక్క ఎన్‌.పి.కుంటలో 2016 నుంచీ ఆ ఎండతోనే కరెంటు తీస్తున్నారు. మామూలు సౌర పలకల్లో ఉండేది సిలికాన్‌. వెలుగు పడగానే అందులో ఎలెక్ట్రాన్‌ విడిపోయి తిరుగుతుంది. కర్బన అణువులతో చేసిన పల్చని పొరల్లో అలా కాదు. ఎలెక్ట్రానూ, అది వదిలిన ఖాళీ ఒకదాన్నొకటి పట్టుకొనే ఉంటాయి. ఆ జంట పేరే ఎక్సైటాన్‌. సామాన్యంగా ఏ 10 నానోమీటర్ల లోపలో గట్టు చేరకపోతే రెండూ మళ్ళీ కలిసిపోతాయి. పడిన వెలుగు వృథా! గట్టంటే రెండు వేర్వేరు పొరలు కలిసేచోటు. అక్కడ ఒక పొర ఎలెక్ట్రాన్‌ను లాక్కుంటుంది, రెండోది ఖాళీని ఉంచుకుంటుంది. అప్పుడే కరెంటు.

1986లో కొడాక్‌ కంపెనీ శాస్త్రజ్ఞుడు టాంగ్‌ ఇలా రెండు పొరలు జోడించి సుమారు 1 శాతం రాబట్టాడు. నేడు ప్రయోగశాలల్లో 20 శాతం దాకా వచ్చింది.

ఇదంతా చెబితే మా నాయన, "గెనిమ కాడ తగాదాలే చూసినాం గానీ పంట చూళ్ళేదు కదరా! మన బోరు మోటారుకు ఎప్పుడొస్తాది ఇది?" అన్నాడు.

చిక్కంతా అక్కడే ఉంది. కరెంటిచ్చే ఎండే, గాలీ తేమా తోడైతే, ఆ పొరల్ని పాడుచేస్తుంది. మా సీమ ఎండకు ఏళ్ళ తరబడి నిలిచే గట్టు కావాలి. ఆ ఎండ సంగతి తెలిసినవాళ్ళం, ఆ పనికి మనం పూనుకోవద్దా?