స్నోబోర్డింగ్: తొలి శీతకాలపు ఖర్చుల వరుస

రెండు పాదాలనూ ఒకే పలకకు అడ్డంగా బిగించుకొని మంచు వాలు మీద పక్కవాటుగా జారే క్రీడను స్నోబోర్డింగ్ అంటారు. 1965లో అమెరికాలోని మిషిగన్ రాష్ట్రంలో షెర్మన్ పాపెన్ రెండు స్కీలను జోడించి చేసిన పిల్లల ఆటవస్తువు దీనికి మూలరూపాల్లో ఒకటి కాగా, 1998 నాగానో శీతకాల ఒలింపిక్స్ నాటికి ఇది పతకాల క్రీడల సరసన చేరింది. సియాటిల్ పరిసరాల్లో ఉద్యోగాలు చేస్తూ బెల్వ్యూ, రెడ్‌మండ్‌లలో స్థిరపడిన తెలుగు కుటుంబాలకు ఐ-90 రహదారి మీద సుమారు గంట ప్రయాణంలోనే స్నోక్వాల్మీ కనుమ ఉన్నందున, ముప్పై నలభై ఏళ్ల వయసులో ఈ ఆట మొదలుపెట్టాలన్న కోరిక అక్కడ సహజంగానే కలుగుతుంది. శరీరం ఎంతవరకు సహకరిస్తుందన్న సందేహం వారందరికీ ఉంటుంది కాని, డబ్బును ఏ వరుసలో వెచ్చించాలన్న ప్రశ్నకూ అంతే ప్రాధాన్యం ఇవ్వాలి.

కొండపైకి చేర్చే లిఫ్టుల్లో ఒక రోజు ప్రయాణించేందుకు ఇచ్చే అనుమతి లిఫ్ట్ టికెట్. శీతకాలమంతటికీ ముందుగా కొనుక్కునే అనుమతి సీజన్ పాస్. వెయిల్ రిసార్ట్స్ సంస్థ 2008లో ఎపిక్ పాస్‌ను 579 డాలర్లకు అమ్మడం మొదలుపెట్టగా, 2018లో ఆల్టెరా సంస్థ ఐకాన్ పాస్‌తో పోటీకి వచ్చింది. ఈ కాలంలో రోజువారీ టికెట్ ధరలు ఎంతగా పెరిగాయంటే, కొలరాడోలోని వెయిల్‌లో రద్దీ రోజున అది 300 డాలర్లు దాటింది. మంచు పడకముందే పాసుల సొమ్ము చేతికందితే, ఆ ఏడు మంచు తక్కువ పడినా సంస్థ ఆదాయం నిలకడగా ఉంటుంది, వాతావరణపు నష్టభయంలో పెద్ద భాగం కొనుగోలుదారు మీద పడుతుంది. ఎన్ని రోజులు వెళితే పాస్ ఖరీదు విడి టికెట్ల మొత్తానికి సమానమవుతుందో ఆ హద్దును బ్రేక్‌ఈవెన్ అంటారు. అనుభవజ్ఞులకు సరిపోయే ఈ లెక్క కొత్తవారికి వర్తించదు, ఎందుకంటే కొండ మొత్తం తిరగగలవారికే పూర్తి టికెట్ అవసరం. మడమవైపు అంచు మీద ఆగడం, వేళ్లవైపు అంచు మీద నిలవడం, ఆ రెండింటినీ కలిపి మలుపులు తిప్పడం నేర్చుకునేదాకా అభ్యాసకులు కదిలే పట్టీ లాంటి మ్యాజిక్ కార్పెట్ ఉన్న చిన్న వాలు మీదే గడుపుతారు. చాలా కేంద్రాలు పాఠం, అద్దె సామగ్రి, ఆ చిన్న వాలుకు పరిమితమైన అనుమతి కలిపి ఒకే ధరకు ఇస్తాయి కనుక, పాస్ ధరను పోల్చవలసినది ఆ ప్యాకేజీతోనే.

ఈ వ్యాసకర్త తొలి శీతకాలానికి పాస్ కొనకపోవడానికి ఇదొక్కటే కారణం కాదు. సమాచారం అందేదాకా నిర్ణయాన్ని వాయిదా వేయగల వెసులుబాటుకు ఉండే విలువను అర్థశాస్త్రంలో ఆప్షన్ విలువ అంటారు. పాసులు అమ్ముడయ్యే శరదృతువులో, మోకాళ్లు తట్టుకుంటాయా, వారాంతాల్లో పిల్లల తరగతుల నుంచి తీరిక దొరుకుతుందా అన్నది కొత్తవారికి తెలిసే అవకాశం లేదు. పైగా స్నోక్వాల్మీ కనుమ ఎత్తు సుమారు 920 మీటర్లే కావడంతో నడిశీతకాలంలోనూ మంచుకు బదులు వాన పడే రోజులుంటాయి. అందువల్ల పాస్‌కు పోయే డబ్బు పాఠాలకు కేటాయించడం జరిగింది. స్నేహితుడు ఉచితంగా నేర్పుతాడని పాఠాలు మానుకోవడం పొదుపు అనిపించుకోదు: బాగా ఆడగలవారికి నేర్పే ఓపిక, క్రమం ఉండాలని లేదు, ఎదురుచూసి విసిగి కొత్తవారిని పైవాలుకు తీసుకుపోయే ప్రమాదమూ ఉంది.

సామగ్రిలో మొదట కొనదగినవి బూట్లు. వదులు బూటులో మడమ పైకి లేస్తే పాదం చెప్పినట్టు పలక కదలదు. సరిగ్గా అమరిన బూట్లు కొన్నేళ్లు నిలుస్తాయి, పలక అవసరం మాత్రం నైపుణ్యంతో పాటు మారుతుంది. కొత్తవారికి అనువైన మెత్తని పలక వేగం పెరిగాక చాలదు కనుక, దుకాణాలు శీతకాలమంతటికీ కలిపి ఇచ్చే అద్దె పద్ధతి తొలి ఏడాదికి మేలు. తడిమంచులో జీన్స్ నానిపోతాయి కాబట్టి నీరు చొరని దుస్తులు, కనుమ దారిలో కారు చక్రాలకు గొలుసులు కూడా లెక్కలోకి వస్తాయి.

హెల్మెట్, మణికట్టు రక్షక పట్టీల విషయంలో బేరానికి తావు ఉండకూడదు; పడేటప్పుడు చేతులు ముందుకు చాచడం మనిషి స్వభావం కావడంతో కొత్త స్నోబోర్డర్లలో మణికట్టు గాయాలు తరచుగా కనిపిస్తాయి. అలాంటి గాయాల చికిత్సకు వైద్య బీమా సంస్థ చెల్లింపు మొదలుపెట్టేలోపు బీమాదారు సొంతంగా భరించవలసిన మొత్తాన్ని డిడక్టిబుల్ అంటారు. ఈ వ్యాసకర్త శీతకాలానికి ముందే ఆ మొత్తాన్ని విడి పొదుపు ఖాతాలో ఉంచి, ఆ తర్వాతే పాఠాలకు పేరు నమోదు చేయించడం జరిగింది. భారతదేశం నుంచి చూడవచ్చిన బంధువులు సరదాపడి వాలు ఎక్కే సందర్భంలో మరింత జాగ్రత్త అవసరం, ఎందుకంటే ప్రయాణ బీమా పాలసీలు చాలావాటిలో శీతకాల సాహస క్రీడలకు మినహాయింపు ఉంటుంది.

ఇక పాస్ కొనే అదను వసంతంలో వస్తుంది. రాబోయే శీతకాలపు పాసులు సాధారణంగా అప్పుడే అతి తక్కువ ధరకు అమ్మకానికి వస్తాయి, ఆపాటికి అభ్యాసకులకు తమ ఆసక్తి, తీరిక రెండూ తెలిసివుంటాయి. ఈ వ్యాసకర్త ఎంపిక క్రిస్మస్ వారం, జనవరి ఫిబ్రవరి నెలల పండుగ వారాంతాలు వర్తించని చవక రకం. ఆ రోజుల్లో వాలు కిక్కిరిసి ఉంటుంది, ఇంకా ఆగడం పూర్తిగా పట్టుబడనివారికి రద్దీ తగ్గిన పనిదినాల రాత్రుల్లో దీపాల వెలుగులో జారడమే క్షేమం.