సీటుకడ్డీ: జిడ్డా, పట్టా?

సైకిలు సీటును మోసే కడ్డీని ఫ్రేములోనికి దింపే ముందు ఏమి పూయాలన్నది చిన్న ప్రశ్నగానే కనిపిస్తుంది. వీధి చివరి సైకిలు షాపులో గ్రీజు డబ్బా ఒక్కటే ఉంటుంది కనుక అక్కడ ఆ ప్రశ్నే పుట్టదు. ఉక్కులో ఉక్కు దిగే పాత సైకిళ్ళకు అది చాలు కూడాను. కొండదారుల సైకిలుకు మాత్రం ఏ పదార్థంలో ఏది దిగుతున్నదో ముందుగా చూసుకోవాలి.

ఉక్కు ఫ్రేములో అల్యూమినియం కడ్డీ ఉన్నదనుకోండి. ఆ రెంటి నడుమ వాననీరో, చెమట ఉప్పో చేరితే అక్కడొక చిన్న బ్యాటరీ తయారవుతుంది. అల్యూమినియం క్షీణిస్తూ తెల్లని ఆక్సైడుగా మారుతుంది. దానికి లోహం కన్నా ఎక్కువ చోటు కావాలి; గొట్టమేమో పెరగదు. కడ్డీ బిగుసుకుపోతుంది.

మా మేనల్లుడి కోసం తెచ్చిన పాత సైకిలులో జరిగినది ఇదే. వెనుకటి యజమాని ఏమీ పూయకుండా పొడిగా దింపి వదిలేశాడు. అతని ఎత్తుకు అమరిన సీటు మీద కూర్చుంటే పిల్లవాడి కాళ్ళు పెడలుకు అందలేదు. కడ్డీని పైన కోసి, లోపలి ముక్కను రంపపు బ్లేడుతో నిలువునా చీల్చి, ఫ్రేముకు గాటు పడకుండా బయటికి తీయడానికి రెండు సాయంకాలాలు పట్టింది. పలుచని గ్రీజు పూత, అప్పుడప్పుడూ తీసి తుడవడం, ఈ రెండూ ఉంటే ఆ అవస్థ తప్పేది. టైటానియం ఫ్రేముకైతే లోహపు పొడి కలిసిన యాంటీ సీజ్ లేపనం వాడుతారు.

కార్బన్ దగ్గర లెక్క మారుతుంది. గ్రీజు రాస్తే కడ్డీ జారుతుంది. జారిందని ఇంకా బిగిస్తాము. ఆ బిగింపుకు పోగులు నలిగి, ఏ రాళ్ళ దిగుడులోనో కడ్డీ విరిగితే ప్రాణం మీదికి వస్తుంది. అందుకే కార్బన్ పేస్టు. అందులోని సన్నని రేణువులు రాపిడిని పెంచి, తక్కువ బిగింపుతోనే పట్టునిస్తాయి. బిగింపు ఎంతన్నది తరచుగా క్లాంపు మీదనే, 5 న్యూటన్ మీటర్లు అన్నట్లుగా, ముద్రించి ఉంటుంది. మీట నొక్కితే దిగే డ్రాపర్ కడ్డీ అతిగా బిగిస్తే లోపల పట్టేస్తుంది. అది అల్యూమినియందైనా, జారుతుంటే ఈ పేస్టే మేలు.

ఇప్పుడు ఎవరైనా పాత సైకిలు చూడమని పిలిస్తే, నేను గేర్లు చూడను. ముందు క్లాంపు వదులు చేసి, కడ్డీ కదులుతున్నదా అని చూస్తాను.