కోస్తే మళ్ళీ రాదు

మన సాఫ్ట్‌వేర్ పనిలో ఉన్న సుఖమల్లా కంట్రోల్-జెడ్. తీగకి అది లేదు. పోయిన ఆదివారం మేడ మీద తెలిసొచ్చింది నాకు.

హామ్ రేడియో లైసెన్సు చేతికొచ్చింది కదా అని 7, 14 మెగాహెర్ట్జ్ రెండిటికీ పనికొచ్చే ఫ్యాన్ డైపోల్ యాంటెన్నా సొంతంగా కడదామని కూర్చున్నా. లెక్క తేలికే. 143ని మెగాహెర్ట్జ్‌తో భాగిస్తే మొత్తం తీగ పొడవు మీటర్లలో వస్తుంది. 7.1కి 20, 14.2కి 10. రెండు జతల్నీ మధ్యలో ఒకే కేబుల్‌కి కలిపి, చివర్లు ఎడంగా లాగి కట్టాలి. మాట్లాడే ఫ్రీక్వెన్సీకి సరిపోయే జతే కరెంటు తీసుకుంటుంది, రెండోది దాదాపు ఊరుకుంటుంది.

చిక్కంతా ఆ 'దాదాపు' దగ్గరే. ఒకదాన్ని ముట్టుకుంటే రెండోదీ కదులుతుంది. ఎనలైజర్ పెడితే చిన్న జత 13.7 దగ్గర పలికింది. అంటే పొడవెక్కువ. తొందరపడి అటో అడుగు, ఇటో అడుగు కత్తిరించా. 14.6కి ఎగిరి కూర్చుంది, అంటే బ్యాండు బయటే!

నాన్న ట్యాంకు నీడలో కూర్చుని చూస్తున్నారు. టెలిఫోన్ లైన్‌మన్‌గా చేసి రిటైరయ్యారు. అమ్మ పోయాక మా దగ్గరికొచ్చి ఏడు నెలలు. ఊఁ, ఆఁ తప్ప మాట లేదు.

"కోస్తే మళ్ళీ రాదురా. మడిచి చుట్టు" అన్నారు.

కింద పడ్డ ముక్కలు ఏరి తనే అతుకేశారు. ఈసారి పెద్ద జత ముందు, చిన్నది తర్వాత. చివర బెత్తెడు మడవడం, తీగకే చుట్టడం, మళ్ళీ కొలవడం. పొద్దుగూకేసరికి రెండు బ్యాండ్లలోనూ ఎస్‌డబ్ల్యూఆర్ 1.5 లోపుకొచ్చింది.

రాత్రి 7 మెగాహెర్ట్జ్‌లో పిలిస్తే కోయంబత్తూరు నుంచి ఒకాయన పలికాడు. నాన్న కుర్చీ దగ్గరికి లాక్కున్నారు.

"మధ్యలో స్తంభాలేం లేవు కదూ?"

"లేవు నాన్నా."

కాసేపాగి 1977 దివిసీమ ఉప్పెన గురించి మొదలెట్టారు. అప్పటికి కొత్తగా ఉద్యోగంలో చేరారట. కూలిన స్తంభాలు, బురదలో తీగలు, తమవాళ్ళు బతికున్నారో లేదో చెప్పమని అడిగే జనం. చెప్పడానికి లైన్ లేదు. ఇన్నేళ్ళలో ఇంట్లో ఎప్పుడూ చెప్పలేదు ఇది.

2004 సునామీ అప్పుడు అండమాన్ నుంచి హామ్‌లే కబుర్లు చేరవేశారని చెప్పా. ఏమీ అనలేదు.

పొద్దున్నే కాఫీ తాగుతూ అడిగారు: "ఆ పరీక్ష పుస్తకం ఎక్కడ పెట్టావురా?"