మెరుగు పెట్టని వయసు

పాత అంబాసిడర్ ఒకటి షెడ్డులో కనిపిస్తే, చూపు ముందుగా స్టీరింగ్ మీద ఆగుతుంది. ఎన్నో చేతులు పట్టి పట్టి అది నున్నబడి ఉంటుంది. దాని పక్కనే గేరు రాడ్డు. ముందు సీటు ఒకే పొడవాటి బల్ల. పిల్లలు పెద్దల మధ్య ఇరుక్కుని పెళ్లిళ్లకు వెళ్లిన చోటు.

మోరిస్ ఆక్స్‌ఫర్డ్ నమూనాతో పశ్చిమ బెంగాల్‌లోని ఉత్తర్‌పారాలో పుట్టిన ఈ కారు తయారీ 2014లో ఆగింది. మరో పాత కారు ప్రీమియర్ పద్మిని అంతకు ముందే సెలవు తీసుకుంది. ఇప్పుడు ఇలాంటి పాత కార్లు కొనేవాళ్లు అడిగేది కొత్త రంగు, కొత్త సీట్లు, తాళం తిప్పగానే కదిలే ఇంజను. రంగు వెలిసి, అంచులు తుప్పు పట్టి, ఎవరూ చెయ్యి పెట్టని బండికి చాలాసార్లు పాత ఇనుము ధరే పలుకుతుంది. కార్బురేటరు చప్పుడు విని జబ్బు చెప్పగల మెకానిక్కులూ తగ్గిపోతున్నారు.

2021లో వచ్చిన కేంద్ర నిబంధనలు వింటేజ్ వాహనమంటే యాభై ఏళ్లు దాటి, అసలు రూపం చెడనిదై ఉండాలన్నాయి. ఆ మాట నాకు నచ్చింది. రంగు ఎన్నిసార్లయినా వేయవచ్చు. వాడుక దిద్దిన ఆ నునుపును మాత్రం ఏ షెడ్డూ తయారు చేయలేదు. మనిషి ముఖంలోని ముడతలను గౌరవించే మనం వస్తువు వయసునూ గౌరవించడం నేర్చుకోవాలి. అన్నీ అలా ఉంచలేం. కొన్నింటినైనా, అవి బతికిన తీరుగానే మిగలనిద్దాం.