వెయ్యి బీడీల చెయ్యి

పేరడిగితే చెప్పేముందు మేం ఒక్క క్షణం ఆగుతాం. కిరాయి ఇంటి గడపలో ఆగుతాం. రైల్లో ఎదుటి సీటాయన మాట కలిపితే ఆగుతాం. పేరు విన్నాక ఎదుటి మొహంలో వచ్చే మార్పును కనిపెట్టడం చిన్నప్పటినుంచీ మాకు అలవాటు. ఆ ప్రశ్నకు మేం ఎప్పుడూ తయారుగానే ఉంటాం. కానీ 2017 ఏప్రిల్‌లో కరీంనగర్‌లోని ఓ ఆసుపత్రిలో ఒక అమ్మాయి వేరే ప్రశ్న అడిగింది.

"మీ అమ్మ చేతులతోని ఏం పని చేస్తుండె?"

"ఏం లేదు. ఇంట్లనే ఉంటది" అన్నాం.

అమ్మీకి పక్షవాతం వచ్చి అప్పటికి నాలుగో రోజు. కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి. మూతి వంకర పోయి మాట ముద్దగా వస్తోంది. మా జవాబు విని అమ్మీ మావైపు చూసింది. ఆ చూపు అర్థం కానట్టు తలలు తిప్పుకున్నాం.

మేం చెప్పింది అబద్ధం. అమ్మీ జగిత్యాలలో ముప్పై ఏండ్లు బీడీలు చుట్టింది. రాత్రి ఆకు తడిపి తడి గోనెలో చుట్టిపెట్టేది. పొద్దున్నే రేకు ముక్క కొలత పెట్టి కత్తెరతో కోసేది. చాట ఒళ్ళో పెట్టుకుని, ఆకులో తంబాకు పోసి, చుట్టి, మూతి మడిచి, దారం కట్టేది. ఇరవై అయిదు బీడీలకు ఒక కట్ట. నలభై కట్టలైతే వెయ్యి. ఆ వెయ్యికే కూలి. మా స్కూలు ఫీజులు, అక్క నిఖా, అబ్బా మందులు అన్నీ ఆ చాటలోంచే వచ్చాయి. ఉద్యోగాలొచ్చాక మేమే చాట తీయించేశాం. ఇంటికి వచ్చేవాళ్ళు తంబాకు వాసన అంటారని మా భయం. 2015లో తెలంగాణ ప్రభుత్వం బీడీ కార్మికులకు నెలకు 1000 రూపాయల భృతి మొదలుపెట్టినప్పుడు అమ్మీ ఫారం తెమ్మని అడిగింది. మాకేం తక్కువ అని తేలేదు.

ముస్లిం అస్తిత్వం గురించి పేపర్లలో వ్యాసాలు రాసే మేం, అమ్మ చేసిన పనిని నాలుగు మాటల్లో తుడిచేశాం.

ఆ అమ్మాయిది ఆక్యుపేషనల్ థెరపీ అసిస్టెంటు ఉద్యోగం. వార్డులో అందరూ 'కసరత్తు పిల్ల' అనేవాళ్ళు. కసరత్తు చేయించే ఫిజియోథెరపీ ఆయన వేరే వచ్చేవాడు. ఆయన కండ బలం, కీలు కదలిక, నడక చూసేవాడు. ఈమె బువ్వ తినడం, గుండీ పెట్టుకోవడం, నీళ్ళు ముంచుకోవడం చూసేది. థెరపిస్టు మేడం వారానికి రెండుసార్లు వచ్చి పరీక్షించి, ఏమేం చేయించాలో రాసిపోయేది. రోజూ పక్కన కూర్చుని చేయించేది, ఎంత అయిందో రాసిపెట్టేది ఈమె.

మన దేశంలో ఈ చదువు 1950లో బొంబాయి కె.ఇ.ఎం. ఆసుపత్రిలో మొదలైంది. మొదలుపెట్టింది కమలా నింబ్కర్. అమెరికాలో పుట్టి, ఇక్కడి మనిషిని పెళ్ళాడి, పేరు కూడా మార్చుకుని ఇక్కడే ఉండిపోయిన మనిషి. 1952లో ఈ వృత్తికి ప్రపంచ సమాఖ్య ఏర్పడితే, స్థాపించిన దేశాల్లో మనదీ ఒకటి. అయినా మా జిల్లాల్లో చాలామందికి ఇట్లాంటి పని ఒకటి ఉందని తెలియదు. అమ్మీ పడిపోయేదాకా మాకూ తెలియదు.

మొదటి గొడవ తిండి దగ్గర వచ్చింది. కుడి చెయ్యి లేవదు. ఎడమ చేత్తో తినమంటే అమ్మీ మొహం తిప్పేసింది. "ఉల్టే హాత్ సే నై ఖాతీ మై." ఎడమ చెయ్యి కడుక్కునే చెయ్యి, దాంతో ఎట్లా తింటానని ఏడ్చింది. తింటే మన మతం వద్దనదు, రోగికి మాఫీ ఉందని మేం వాదించాం. అమ్మీ వినలేదు. పక్క మంచం మీద హుజూరాబాద్ వైపు రైతుకూలీ ముసలమ్మ ఉండేది. నాట్లేసే చెయ్యి, ఆమెదీ కుడిదే పడింది. మా పేర్లు విన్నాక నీళ్ళ చెంబు అవతలికి జరుపుకున్న కుటుంబం వాళ్ళది. ఆ ముసలమ్మా అదే మాట అంటోంది: "పుర్ర చేత్తోని బువ్వ తింటార?" చెంబు దగ్గర రెండైన మంచాలు చెయ్యి దగ్గర ఒకటయ్యాయి.

ఆ అమ్మాయి ఎవరితోనూ వాదించలేదు. రెండు స్పూన్లు తెచ్చి, పిడులకు స్పాంజి చుట్టి, పైన గుడ్డ కట్టి లావు చేసింది. లావు పిడి అయితే బలం లేని వేళ్ళకూ పట్టు దొరుకుతుందట. కుడి చేతికి స్పూను పట్టించి, కింద ఎడమ చెయ్యి ఆసరా పెట్టించింది. "తినేది కుడి చెయ్యే నానీ, ఎడమది తోలుకపోతది అంతే." మొదటి రోజు సగం అన్నం ఒళ్ళో పడింది. అయినా అమ్మీ తన చేత్తో తిన్నది.

ఎన్నో చిన్న సంగతులు మాకు ఆమె దగ్గరే తెలిశాయి. కుర్తా తొడిగేటప్పుడు పడిన చెయ్యి ముందు, మంచి చెయ్యి తర్వాత. విప్పేటప్పుడు మంచి చెయ్యి ముందు. అమ్మీని లేపడానికి మేం పడిన చెయ్యి పట్టుకుని లాగుతుంటే, భుజం కీలు జారుతుందని ఆపింది.

ముసలమ్మ కోడలు ఒకరోజు ఆ పిల్లను నిలేసింది. "మీరేమోళ్ళు బిడ్డా?"

"చేతులకు పని నేర్పెటోళ్ళం" అని నవ్వింది గానీ, ఆ నవ్వుకు ముందు ఒక్క క్షణం ఆగింది. ఆ ఆగడం మాది. మేం గుర్తుపట్టాం.

ఆమెది ఆదిలాబాద్ జిల్లా ఉట్నూరు అవతల ఓ గూడెం. గోండు పిల్ల. ఆ మాట తెలిశాక మేం కొంచెం ముడుచుకున్నాం. 1940లో జోడేఘాట్‌లో కొమురం భీంను చంపింది నిజాం పోలీసులు. ఆ నిజాంను మా మెడకు కట్టి మాట్లాడేవాళ్ళు చాలామంది. మా తాతలు జగిత్యాల గల్లీల్లో దూది ఏకారు, బండ్లు తోలారు. వాళ్ళకూ ఆ గద్దెకూ ఏ లెక్కా లేదు. అయినా ఆ చరిత్ర ముందు తల ఎత్తాలా దించాలా అన్నది మాకు తేలదు. ఆ పిల్ల ఆ లెక్క అడగలేదు. "నానీ, నమాజుకు ముందు ఎట్ల కడుక్కుంటరో చూపియ్యి" అని అడిగింది.

అమ్మీ చూపించింది. ముందు మణికట్ల దాకా చేతులు, తర్వాత పుక్కిలింత, ముక్కు, మొహం, మోచేతుల దాకా చేతులు, తల మీద తడి చెయ్యి, చివరికి పాదాలు. ఆ పిల్ల నోటుబుక్కులో అంకెలేసి రాసుకుంది. స్టూలు వేయించి, పెద్ద పిడి ఉన్న మగ్గు ఇప్పించి, రోజుకు అయిదుసార్లు వజూ చేయించింది. మొహం దాకా చెయ్యి లేపడం, మణికట్టు తిప్పడం, ముందుకు వంగి మళ్ళీ నిటారుగా కూర్చోవడం అన్నీ అందులోనే ఉన్నాయి. బంతి పిసకమంటే విసుక్కున్న అమ్మీ, వజూ ఒక్క పూట కూడా తప్పలేదు. కుర్చీలో కూర్చుని, తల వంచి సజ్దా చేసింది.

పదో రోజు ఆ పిల్ల అమ్మీ కుడి చెయ్యి తన ఒళ్ళో పెట్టుకుని వేళ్ళు ఒక్కొక్కటే సాపు చేస్తోంది. బొటనవేలు, చూపుడువేలు కొసలు నిమిరి చూసింది. అక్కడ చర్మం కాయగట్టి ఉంది. మావైపు తిరిగింది.

"ఇంట్లనే ఉంటదన్నరు. ఇవి బీడీలు చేసిన వేళ్ళు గదా?"

మేం మాట్లాడలేదు. అమ్మీ మాట్లాడింది. ముద్ద మాటే గానీ వార్డంతా విన్నది. "హౌ బేటీ. హజార్. రోజ్ హజార్."

"మా అవ్వ తునికాకు తెంపుతది" అన్నది ఆ పిల్ల. ఎండాకాలం తెల్లారకముందే అడవికి పోయి, ఆకు తెంపి, యాభై ఆకులకు ఒక కట్ట కట్టి కల్లంలో అప్పజెప్పేదట. ఆదిలాబాద్ అడవిలో ఒక ముసలామె తెంపిన ఆకు, కరీంనగర్ జిల్లా గల్లీలో ఇంకో ముసలామె ఒళ్ళో బీడీ అయింది. 2016 అక్టోబరులో ఆ రెండు జిల్లాలనూ ముక్కలు చేశారు. మా జగిత్యాలే ఒక జిల్లా అయింది. గీతలు మారినా ఆకు నడిచిన దారి అదే.

మేడం ఒప్పుకున్నాక ఆ పిల్ల ఊరినుంచి పిడికెడు ఆకు తెచ్చింది. తంబాకు మాత్రం వద్దంది. దాని ఘాటు ఆ గల్లీ ఆడవాళ్ళకు ఎంత దగ్గు ఇచ్చిందో మాకూ తెలుసు. తంబాకు బదులు పొట్టు పోసుకుని అమ్మీ చాట ముందు కూర్చుంది. మొదటి రోజు ఆకు పట్టుకోవడమే అయింది. మూడో వారానికి వదులు వదులుగా ఒక బీడీ చుట్టింది. దారం ఆ పిల్ల కట్టింది. ఆ చెయ్యి మునుపటిలా పూర్తిగా రాలేదు. కానీ ఆ రోజు అమ్మీ మొహంలో కనిపించిన మనిషిని మేం చాలా ఏండ్లుగా చూడలేదు.

ఇంటికొచ్చాక అక్క అమ్మీ రేకు పెట్టె తీసింది. అడుగున, నిఖా దుపట్టా మడతలో, బీడీ కార్మికుల గుర్తింపు కార్డు ఉంది. దాని మీద అమ్మీ ఫోటో, అమ్మీ పేరు, అమ్మీ పని. గుర్తింపు, గుర్తింపు అని మేం ఊరూరా మీటింగుల్లో మాట్లాడుతుంటే, అమ్మీ తన గుర్తింపును మా కంటపడకుండా దాచుకుంది. మేం సిగ్గుపడతామని.

నెల తర్వాత మళ్ళీ చూపించడానికి తీసుకెళ్ళాం. ఆ పిల్ల రిజిస్టరు మా ముందుకు జరిపింది. పని అన్న చోట రాసింది కొట్టేసి 'బీడీ కార్మికురాలు' అని రాశాం. చదువు రాని అమ్మీ ఏం రాశారని అడిగింది. చెప్పాం.

"రోజుకు వెయ్యి అని గూడ రాయుండ్రి" అన్నది.

రాశాం.