ఏ రంగు వచ్చింది?

ఈసారి కొంచెం పెద్దది రాశాను, రెండు వారాలు పట్టింది. ఒత్తులు ఎక్కడైనా తప్పు పడితే చెప్పండి.

పోయిన ఏడాది సెప్టెంబరులో నాకు షుగర్ అని తెలిసింది. తెలుగులో ఇది నాకు భలే తమాషాగా ఉంటుంది. జబ్బు పేరు షుగర్, తినేది మాత్రం పంచదార. తెలంగాణ వాళ్ళయితే చక్కెర అంటారు. పుస్తకాల్లో మధుమేహం అని ఉంది కానీ మా గుడిలో ఆ మాట ఎవరి నోటా వినలేదు. "మీకూ షుగరేనా అమ్మా?" అంటారు, అంతే.

మూడు నెలల సగటు చూపించే ఏ1సి పరీక్షలో 8.2 వచ్చింది. 6.5 నుంచీ డయాబెటిస్ కిందే లెక్క. డాక్టరుగారు మెట్‌ఫార్మిన్ రాసి, భోజనంతో పాటు వేసుకోమన్నారు. మొదట్లో కడుపు గడబిడ, తర్వాత సర్దుకుంది.

డైటీషియన్ అమ్మాయి రోజుకి ఎంత అన్నం తింటారని అడిగింది. హస్తాల లెక్క చెప్పబోయి ఆగిపోయాను. హస్తానికి ఇంగ్లీషు మాట నోటికి రాలేదు, ఇంగ్లీషు మీడియంలో చదివిన నాకు! ఇంటికొచ్చి కొలిచాను. పప్పులోకి రెండు హస్తాలు, పులుసులోకి ఒకటి, పెరుగులోకి ఒకటి. కప్పుతో చూస్తే మూడు కప్పులు, అదీ ఒక్క పూటకి. వండిన తెల్లన్నం కప్పులో సుమారు 45 గ్రాముల పిండిపదార్థం ఉంటుంది. ఇప్పుడు ఒక కప్పే. ముందు కూర, పప్పు తిని, ఆఖర్న అన్నం. పెరుగన్నం మాత్రం ఎవరు చెప్పినా మానను. జొన్నరొట్టె ఇంకా పెనం మీదికి చేరేలోపే విరిగిపోతోంది.

ఇంట్లో ఇలా సర్దుకున్నాను. గుడిలో కాదు. శనివారాలు ప్రసాదం కౌంటర్ దగ్గర నా సేవ. నైవేద్యం అయ్యేదాకా ఎవరం రుచి చూడం. అయ్యాక చక్రపొంగలి గిన్నె అడుగున నెయ్యి, జీడిపప్పు మిగిలేవి. ప్రసాదం వద్దనకూడదు కదా అని నాకు నేనే చెప్పుకునేదాన్ని. నాకు షుగర్ అని అక్కడ ఎవరికీ చెప్పలేదు. ఒక శనివారం ఇంటికొచ్చి వేలు గుచ్చుకుంటే 261. మా ఆయన ఎంత అని అడిగితే "నూట యాభై" అన్నాను.

అన్న వెంటనే నాన్నగారు గుర్తొచ్చారు.

జంషెడ్‌పూర్‌లో, అప్పుడు నాకు పదకొండేళ్ళు. ఇంట్లో ఈ మీటర్లు లేవు. టెస్ట్ ట్యూబులో నీలంగా ఉండే బెనెడిక్ట్ ద్రావణం పోసి, ఎనిమిది చుక్కల మూత్రం వేసి, స్పిరిట్ దీపం మీద మరిగించాలి. నీలంగానే ఉంటే షుగర్ లేనట్టు. ఉంటే ఆకుపచ్చ, పసుపు, నారింజ, మరీ ఎక్కువైతే ఇటుక రంగు. ఇంట్లో సైన్సు చదివేది నేనొక్కదాన్నే కాబట్టి ఆ పని నాది. అమ్మ వంటింట్లోంచి "ఏ రంగొచ్చిందే?" అని అరిచేది.

నాన్నగారు నా చేతిలో డబ్బులు పెట్టి చాటుగా రసగుల్లాలు తెప్పించుకునేవారు. ఆయనకి మూడు, నాకొకటి. ఆ తర్వాత పరీక్ష చేస్తే ఇటుక రంగే. "ఆకుపచ్చేనమ్మా" అనేదాన్ని. ట్యూబు గబగబా కడిగేసేదాన్ని.

నేను కాలేజీలో ఉండగా ఆయన కాలి పుండు మానలేదు. మోకాలి కింద నుంచి తీసేశారు. రసగుల్లాల వల్లే అని డాక్టర్లు అనలేదు, నేనూ అనను. కానీ ఆ ఆకుపచ్చ అబద్ధం నాది.

ఆ రాత్రి మా ఆయనకి మీటరు చూపించాను. రంగుల కథ కూడా చెప్పాను. ఇన్నేళ్ళ కాపురంలో అది ఎప్పుడూ చెప్పలేదు.

తర్వాతి శనివారం పూజారిగారికి చెప్పాను. ఆయన నవ్వి, "నాకు పన్నెండేళ్ళుగా ఉందమ్మా. నేను తీసుకునేది ఇంతే" అని ఉద్ధరిణి చూపించారు. పన్నెండేళ్ళు! పక్కనే ఉండి నాకు తెలియదు.

ఇప్పుడు కౌంటర్ మీద పెద్ద కప్పులతో పాటు చిన్నవీ పెడుతున్నాం. "గుడికి కరువొచ్చిందా?" అని ఒక పెద్దాయన కోప్పడ్డారు. అయినా చిన్న కప్పులే ముందు అయిపోతున్నాయి.

మొన్న ఏ1సి 6.9 వచ్చింది. ఉగాదికి మాత్రం బొబ్బట్లు రెండు తిన్నాను, 212. మా ఆయన ఇప్పుడు అంకె అడగరు. హాల్లోంచే "ఏ రంగొచ్చింది?" అని కేకేస్తారు.

"నారింజ" అన్నాను.